టెంకాయ కొట్టని బండి

మా ఇంటి ముందు, బండి నిలబెట్టే చోట ఒక నల్లరాయి ఉంది. దాని మీద ఎన్ని టెంకాయలు పగిలాయో చెప్పలేను. ఊళ్ళో ఎవరికి చెయ్యి విరిగినా, కాలు విరిగినా మా నాయన తన పికప్‌లో పుత్తూరుకు తీసుకెళ్ళి కట్టు కట్టించేవాడు. కట్టు విప్పిన రోజు ఆ మనిషి తన కాళ్ళతో తానే నడుచుకుంటూ వచ్చి, బండి ముందు ఆ రాయి మీద టెంకాయ కొట్టి, ఒక చిప్ప మాకిచ్చి ఒక చిప్ప ఇంటికి తీసుకుపోయేవాడు. బాడుగ మేము అడిగిందీ లేదు, వాళ్ళు ఇవ్వబోయిందీ లేదు. ఆ టెంకాయే బాడుగ.

ఇప్పుడు ఆ రాయి మీద మా ఆవిడ బట్టలు ఉతుకుతోంది.

మాది పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారిలో ఒక పల్లె. మామిడి తోట ఉంది, కాస్త చెరకు ఉంది. పికప్ నాయన కొన్నది. చిన్న బండి. ముందు ఇద్దరు ఇరుక్కుని కూర్చోవచ్చు, వెనక తొట్టి. తోట పనికి కొన్నాడు గానీ, ఊరు దాన్ని కట్టు బండి అనే పిలిచేది. విరిగిన కాలితో ఖాళీ తొట్టిలో పడుకుంటే దారిలో ఉన్న ప్రతి గుంతా ఎముకకే తగులుతుంది. అందుకని నాయన మొదట తొట్టి నిండా తవుడు బస్తాలు పరిచేవాడు. ఆ బరువుకు చక్రాల మీది కమాను పట్టీలు అణిగి బండి మెత్తబడేది. బస్తాల మీద వరిగడ్డి, గడ్డి మీద ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బూరుగు దూది పరుపు. ఆ తర్వాత క్లచ్ మెల్లగా వదిలి, ఆక్సిలేటర్ మీద కాలు పెట్టకుండా, ఇంజన్ ఎంత నడిస్తే అంతే నడవనిచ్చేవాడు. గడ్డీ పరుపూ, కాలు పట్టుకుని కూర్చున్న మనిషీ కనిపిస్తే వెనక వచ్చే బస్సు డ్రైవర్లు కూడా హారన్ కొట్టేవాళ్ళు కాదు. సందు దొరికేదాకా ఓపిగ్గా వెనకాలే వచ్చేవాళ్ళు.

నాకు మాత్రం ఆ నిదానం చూస్తే ఒళ్ళు మండేది. మోకాళ్ళ నొప్పులు వచ్చి నాయన స్టీరింగ్ నాకు అప్పగించాక ఆ మంట ఇంకా పెరిగింది. కట్టు ప్రయాణాలు ఎలాగో నెట్టుకొచ్చాను. పక్కన నాయన కూర్చుని "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉండేవాడు కాబట్టి సరిపోయింది. తోతాపురి మామిడి కాయ దిగే కాలం వస్తే మాత్రం నా పరువు రోడ్డు మీద పడేది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలాలంటే కొండల మధ్య కనుమ మిట్ట ఎక్కాలి. నిండు లోడుతో మా బండి ఆ మిట్ట మీద మూలుగుతూ పోతుంటే ట్రాక్టర్లు కూడా నన్ను దాటుకుని పోయేవి.

ఒకసారి నా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, కొత్త బండిలో నన్ను దాటిపోయాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ తర్వాత అత్తగారింట్లో పంక్తిలో అందరూ భోంచేస్తుండగా అందుకున్నాడు.

"అనా, నీ బండి కనుమ ఎక్కేటప్పుడు కాయ పచ్చిగా ఉంటాదంట. దిగేటప్పటికి మాగిపోతాదంట. నిజమేనా?"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను గానీ పెరుగన్నం తినకుండానే లేచాను. ఆ రోజే ఇంజన్ మార్చాలని పట్టుబట్టాను. ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద పని పెట్టుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

తిరుపతిలో రేణిగుంట దారి పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఒకడు నాకు తెలుసు. వాడూ నాలాంటి వాడే, బలం అంటే పడి చస్తాడు. ఘాట్ దగ్గర పల్టీ కొట్టి తుక్కుకు వచ్చిన పెద్ద కారు ఇంజన్ ఒకటి వాడి దగ్గర ఉంది. టర్బో డీజిల్. బాడీ నుజ్జయింది గానీ ఇంజన్‌కు గీత కూడా పడలేదు.

"ఇది పడిందంటే నీ బండి బండి కాదు సామీ, పులి" అన్నాడు.

"పట్టతాదా?"

"పట్టేట్టు నేను సేస్తా కదా. నువ్వు ఊరికే కూసోని సూడు."

పట్టలేదు. పట్టేట్టు చేశారు. ఇంజన్ కూర్చునే దిమ్మెలు కోసి వేరేవి అతికారు. గేర్ బాక్స్ పొసగకపోతే ఆ కారుదే తెచ్చి పెట్టారు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు పొడవెక్కువైతే కోసి పొట్టి చేశారు. రేడియేటర్ ముందుకు జరిపారు. ఇంత చేసినా బానెట్ పూర్తిగా మూతపడలేదు, కొక్కెం వేసి బిగించారు. కొత్త ఇంజన్ బరువుకు ముందు భాగం కుంగిపోతే ముందు కమానుకు పట్టీలు చేర్చారు. ముందు ఎక్కువై వెనక తక్కువ కాకూడదని వెనకా చేర్చారు. ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించుకునే తిప్పలు వేరే. ఆ పని జరిగినన్నాళ్ళూ తోట మానేసి నేను షెడ్డులోనే ఉన్నాను. పెళ్ళి పనులు చూసినంత సంబరంగా ఉంది నాకు.

పాత ఇంజన్ దించి పక్కన పెట్టినప్పుడు నాయన ఒకసారి వచ్చి చూశాడు. దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"కాయ తోలేదానికి బలం కావాల. నేను కాదన్ను. కట్టుకు పోయేదానికి ఎట్లబ్బా?" అన్నాడు.

"ఊరోళ్ళ కాళ్ళు ఇరుగుతాయని మనం బండి కొనుక్కున్యామా నాయనా?" అన్నాను నేను.

మెకానిక్ ఎదుటే అన్నాను. నాయన ఇంజన్ మీది చెయ్యి తీసేశాడు. బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు కాయ కాలంలో కనుమ మిట్ట మీద నా షడ్డకుణ్ణి దాటాను. దాటుతూ హారన్ కూడా కొట్టాను. అబద్ధం ఎందుకు, నా బతుకులో అంత సంతోషపడ్డ రోజులు తక్కువ. ఇంటికి వచ్చి ఆ సంగతి మా ఆవిడకు మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె చాట పట్టుకుని బియ్యం చెరుగుతూ "సరేలే" అంది.

మామిడి కాలం అయిపోయి వానలు మొదలయ్యాక, మా పక్కింటి అవ్వ కొట్టంలో పేడ మీద జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన అవ్వ. ఆమె కొడుకు పరుగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చాడు. ఇంకెక్కడికి పోతాడు. నాయన ఎప్పటిలాగే తవుడు బస్తాలు వేయించి, గడ్డి పరిపించి, పరుపు తానే సర్దాడు. మోకాళ్ళు మూలుగుతున్నా తొట్టిలోకి ఎక్కి అవ్వ కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను క్లచ్ వదిలాను. బండి దూకి, ఆగిపోయింది. వెనక అవ్వ కేక వేసింది.

ఆ ఇంజన్‌కు నడవడం తెలియదు. ఆక్సిలేటర్ తొక్కకపోతే ఆగిపోతుంది, కాస్త తొక్కితే ముందు పలకదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగబడుతుంది. చేర్చిన పట్టీలకు తవుడు బస్తాల బరువు లెక్కే లేదు. రోడ్డు మీది గులకరాయి కూడా నా నడుముకు తెలుస్తోంది. తొట్టిలో ఉన్న ఆమెకు ఎలా తెలుస్తోందో కేకలే చెబుతున్నాయి. వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

"ఆపు అబ్బోడా" అంది అవ్వ, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గరకు వచ్చేసరికి. "నన్ను ఈడనే దించేయి. నీకు పుణ్యముంటాది."

దించాం. పుణ్యముంటుందని బతిమాలింది, నా బండిలోంచి దించమని. మా ఊరి ఆటోనే అటుగా వస్తుంటే ఆపారు. ఆటో వెనక సీటు మీద పరుపు మడిచి వేసి ఆమెను పడుకోబెట్టారు. అవ్వ కొడుకు ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు. నాయన వెనక కింద కూర్చుని కాలు పట్టుకున్నాడు. పోతూ పోతూ నాయన నావైపు చూడలేదు. కోపంతో చూడలేదనుకుంటే నాకు తేలికగా ఉండేది. నన్ను చూస్తే నేను చిన్నబుచ్చుకుంటానని చూడలేదు.

తోడుగా పోదామని ఆటో వెనకాల బయలుదేరాను. ఆటో నిదానంగా పోతోంది. ఆ నిదానంలో నా బండి దూకుతుంది, ఆగుతుంది, మళ్ళీ దూకుతుంది. తొట్టిలో గడ్డి ఉంది, మనిషి లేడు. నా వెనక వచ్చిన బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. మా బండి వెనక బస్సు హారన్ కొట్టడం నేను వినడం అదే మొదలు. పక్కకు తీసి ఆపుకున్నాను. పుత్తూరు దాకా పోనే లేదు.

దాని గురించి ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే తగువైనా పెట్టుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు కింది వీధిలో ఒకాయన మామిడి చెట్టు మీద నుంచి పడ్డాడు. ఆయన తమ్ముడు మా ఇంటికి వస్తుంటే చూసి నేను గబగబా చొక్కా వేసుకుని తాళంచెవి తీసుకున్నాను. అతను గడప దగ్గరే ఆగిపోయాడు.

"బండి వద్దులే అనా. ఆటో పిలిచినాం. మీ పరుపు ఉంటే ఇయ్యమన్నారు."

పరుపు ఇచ్చాను. నేనే భుజాన వేసుకుని వీధి చివరిదాకా మోసుకెళ్ళి ఆటోలో పెట్టాను. అందరూ చూస్తుండగా ఆ పరుపు కింద తల దాచుకోవడానికి వీలైనందుకు సంతోషించాను.

పాత ఇంజన్ మళ్ళీ ఎక్కిద్దామని తిరుపతికి పరుగెత్తాను. మెకానిక్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "దాన్ని ఎప్పుడో ఇచ్చేస్తిని కదా సామీ, మీ పక్కూరి బెల్లం గానుగకు. జామ్మని ఆడతా ఉండాది" అన్నాడు. గానుగ ఆయన్ను తిరిగి ఇమ్మని అడిగితే, ఏమీ అడక్కుండా ఇలా పనిచేసే ఇంజన్ ఇంకెక్కడ దొరుకుతుందని నన్నే అడిగాడు. గాలి ఇటు తిరిగితే దాని చప్పుడు మా ఇంటికి వినిపిస్తుంది. ఒకటే తీరు, తడబాటు లేని చప్పుడు. అది వినిపించినప్పుడు నాయన తినడం ఆపి ఒక క్షణం అటు చెవి పెడతాడు. నేను లేచి వెళ్ళి టీవీ పెడతాను.

ఇక నా సంగతి. ఒక పొద్దున బానెట్ మూయబోయాను. కొక్కెం పడలేదు. బంపర్ మీద ఎక్కి రెండు చేతులా అదిమాను, కోపంగానే అదిమాను. కాలు జారింది. చెయ్యి అడ్డం పెట్టి, సరిగ్గా ఆ నల్లరాయి మీద పడ్డాను. మణికట్టు విరిగిందని చప్పుడులోనే తెలిసింది.

మా ఆవిడ అరుపుకు నాయన బయటికి వచ్చాడు. నా చెయ్యి చూశాడు. బండి వైపు చూశాడు. మళ్ళీ నావైపు చూశాడు. నా బండి ఎదురుగానే ఉంది, కొని తెచ్చిన పులి. మా ఆవిడకు దాన్ని నడపడం రాదు, నాయన మోకాళ్ళు ఆ క్లచ్ తొక్కలేవు, అది నిజమే. నడిపేవాళ్ళు ఉన్నా నేను ఎక్కేవాణ్ణి కాను.

"ఆటో పిలు నాయనా" అన్నాను.

నాయన లోపలికి వెళ్ళి పరుపు తెచ్చాడు. విరిగింది చెయ్యే కదా, పరుపు ఎందుకని అనబోయి, ఆటో ఎక్కి దాని మీదే కూర్చున్నాను.

పుత్తూరులో కట్టు కట్టే చోట ఎప్పటిలాగే జనం. ఆకు పసరు వాసన, కోడిగుడ్ల బుట్టలు, బెంచీల నిండా మెడకు చేతులు వేలాడేసుకున్నవాళ్ళు. నా చేతికి పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, ఆరేదాకా బయట కూర్చోమన్నారు. బయట బెంచీ మీద అవ్వ కూర్చుని ఉంది, పాత కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. నేను పక్కకు తప్పుకునేలోపే చూసింది.

"ఏం అబ్బోడా, నీకు కూడానా? ఎట్ల పడితివి?"

"బండి దగ్గర జారినా అవ్వా."

"అయ్యో. ఎట్ల వస్తివి ఇంత దూరం? నీ బండిలోనా?"

ఆమె ముఖంలో వెటకారం వెతికాను. లేదు. నిజంగానే భయపడి అడుగుతోంది.

"లేదు అవ్వా. ఆటోలో."

ఆమెకు ప్రాణం కుదుటపడింది. నా మంచి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

"మంచి పని సేసినావు అబ్బోడా. ఆ ఆటో పిల్లోడు బంగారంగా నడిపిస్తాడు. కట్టు ఇప్పినాక ఆ పిల్లోడి బండికే టెంకాయ కొట్టు, మరిసిపోవద్దు. నేను మొక్కుకోనుండా. ఇద్దరం కలిసే కొడదాం."

"సరే అవ్వా" అన్నాను.

పక్కన నాయన కండువాతో మూతి తుడుచుకుంటున్నట్టు తెలిసింది. నవ్వు దాచుకుంటున్నాడో, ఇంకేమైనా దాచుకుంటున్నాడో నేను చూడలేదు. తల ఎత్తితే కదా చూసేది.