నడిచింది నేను

మా వారికి గుండెలో స్టెంటు వేసిన డాక్టరుగారు ఇంటికి పంపించేటప్పుడు ఒక్కటే మాట చెప్పారు. రోజూ గంటసేపు బయట నడవాలి, ఎండైనా వానైనా మానకూడదు అని. అది విని మా వారు తల ఊపిన తీరు చూస్తే ఆస్పత్రి మెట్లు దిగగానే నడక మొదలుపెట్టేస్తారనిపించింది. పటమటలో మా చేనేత చీరల కొట్టులో, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ముప్ఫై ఏళ్లు కూర్చున్న మనిషి ఆయన. అరలోంచి చీర తియ్యాలన్నా పనివాళ్లకు వేలు చూపించడమే తప్ప లేచింది లేదు. ఇంటికీ కొట్టుకీ మధ్య నాలుగు వీధులు. దానికీ స్కూటరే.

నెల గడిచింది. నడక లేదు. రోడ్డు మీద దుమ్మన్నారు. కాలవ గట్టు మీద దోమలన్నారు. "ఈ బెజవాడ ఎండలో నడిస్తే ఉన్న గుండె కూడా పోద్దే" అన్నారు. చివరికి మా ఆడపడుచు ఫోనులో ఒక సలహా పారేసింది. ఏదైనా కొండ ఊళ్లో ఒక ఏడాది ఉండి రండి, అక్కడైతే పన్నెండు నెలలూ హాయిగా బయట తిరగొచ్చు, గాలి మారితే సగం జబ్బు దానంతటదే పోతుంది అని. మా వారికి అది వేదవాక్కు. కొట్టు మా మరిదికి అప్పగించి, ఏప్రిల్ ఆఖర్లో నీలగిరుల్లో ఒక ఊళ్లో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నారు. నన్నడిగారా అంటే, అడగలేదు. "సామాన్లు సర్దు" అన్నారు. కందిపొడి, ఇంగువ డబ్బా, ఉప్పు తగ్గించి పట్టిన గోంగూర పచ్చడి, నాలుగు మంకీ క్యాపులు, నా కూరల సంచి సర్దాను.

సంచి సంగతి ఇక్కడే చెప్పాలి. మా వీధిలో ఆడమనిషి చేతిలో సంచి లేకుండా నడవదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. సంచి ఉంటే కూరలకు వెళ్తోందని ఊరుకుంటారు. లేకపోతే "ఏంటండీ, ఇలా వచ్చారు?" అని మూడు గుమ్మాల్లోంచి అడుగుతారు. ఊరికే నడుద్దామని వచ్చానండీ అంటే ఇంట్లో ఏదో గొడవైందనుకుంటారు. అందుకే పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు కాలవ గట్టు చూడాలనిపించినప్పుడల్లా ఇంట్లో కొత్తిమీర అయిపోయేది. ఒక్క కట్ట కొత్తిమీర తేవడానికి గంట పట్టేది. మగవాళ్లకు ఈ అవస్థ లేదు. చేతులూపుకుంటూ వెళ్లి టీ బడ్డీ దగ్గర ఎంతసేపు నిలబడ్డా వాళ్లను ఏమిటని అడిగేవాడు లేడు.

కొండ ఊరు చేరిన మర్నాడు తెల్లవారగానే ఆయన్ని లేపాను. రండి, నడుద్దాం అన్నాను. ఆయన లేచి, కిటికీ తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, గుండెలనిండా ఊపిరి పీల్చారు.

"గాలి మారింది చూశావా? ఇదే మందు. నువ్వెళ్లి పాలు పట్రా" అన్నారు.

అదీ ఆయన వైద్యం. డాక్టరు నడవమన్నది కాళ్లతో అనీ, ముక్కుతో కాదనీ ఎన్ని రకాలుగా చెప్పినా తలకెక్కలేదు. నేను సంచి పట్టుకుని బయల్దేరాను. పాలకొట్టు వీధి చివరే ఉంది. దాన్ని దాటి వెళ్లాను. తారురోడ్డు అయిపోయి మట్టిదారి వచ్చింది. రెండు పక్కలా తేయాకు తోటలు, మధ్యలో పల్చగా నీలగిరి చెట్లు. మా ఎర్రటి ఎండల్లోంచి వచ్చినదాన్ని, ఏప్రిల్ నెలలో వణుకుతూ నిలబడి నవ్వుకున్నాను. పాలతో ఇంటికి వచ్చేసరికి గంటన్నర అయింది. "కాఫీ ఏదీ?" అన్నారు ఆయన.

కింద వాటాలో ఇంటావిడ ఉండేవారు. రిటైరైన నర్సు. ఒకప్పుడు గుంటూరులో పనిచేశారట, తెలుగు బాగానే మాట్లాడేవారు. డెబ్బై ఏళ్లుంటాయి. చేతికర్రతో రోజూ కొండ పైదాకా ఎక్కి దిగుతారు. నెలరోజులు నన్ను గమనించి ఒక పొద్దున దారిలో ఆపారు.

"ఆ సంచిలో ఏముందమ్మా?"

"ఏమీ లేదండీ."

"మరి ఎందుకు మోస్తున్నావు?"

యాభై రెండేళ్ల మనిషిని, ఖాళీ సంచి ఎందుకు మోస్తున్నానో చెప్పలేకపోయాను. మర్నాడు దాన్ని వంటింట్లో మేకుకు తగిలించి వెళ్లాను. మొదట రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగు పట్టుకున్నాను, వదిలేశాను. వారం తిరిగేసరికి ఆ బెంగ పోయింది. అప్పట్నుంచి ఇంటావిడా నేనూ కలిసే నడిచాం.

మా వారి సాకులు మాత్రం కాలానికి తగ్గట్టు మారాయి. మే నెలలో టూరిస్టుల రద్దీ అన్నారు. జూన్‌లో వానలు మొదలయ్యాయి, రొంప పడుతుందన్నారు. మా డెల్టా మనుషులకు రొంపంటే ఎంత భయమో చెప్పలేను. కృష్ణకు వరదొస్తే గట్టు మీదికి వెళ్లి తమాషా చూస్తారు గానీ, చల్లగాలి చెవిలో దూరితే మాత్రం ప్రాణం పోయినట్టే. ఆయన ఇంట్లో కూడా మంకీ క్యాపు తియ్యలేదు. కాళ్లకు ఉన్ని మేజోళ్లు, ఒంటి మీద రగ్గు, చేతిలో ఫోను, ఎదురుగా టీవీ. నేను నడిచి రాగానే మాత్రం "ఇవాళ ఏం కనిపించిందే?" అని అడిగేవారు. అడుగుతున్నారు కదా అని నేనూ మురిసిపోయి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఇన్నేళ్ల కాపురంలో నా రోజు గురించి ఆయన అంత శ్రద్ధగా అడగడం అదే మొదలు.

ఆగస్టులో ఒక పొద్దున తడిసిన దారిలో నా పాదానికి జలగ పట్టింది. ఇంటావిడ పొట్లంలో ఉప్పు తెచ్చుకుంటారు, చిటికెడు వేస్తే ఊడిపోయింది. ఇంటికొచ్చి చెప్పాను. మర్నాడు నేను వంటింట్లో ఉండగా ఆయన మా ఆడపడుచు భర్తతో ఫోనులో మాట్లాడుతున్నారు.

"జలగలండీ బావగారూ! మామూలువి కాదు. తోట దారిలో నడుస్తా ఉంటే పాదం పట్టేసింది. నేను ఎప్పుడూ జేబులో ఉప్పు పెట్టుకునే వెళ్తాలెండి. ఎండైనా వానైనా బయటేనండీ మేము."

గరిటె పట్టుకునే వచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఫోను పెట్టేసి నా మొహం చూసి నవ్వారు.

"నిన్న జలగ పట్టింది నా కాలికి కదండీ?"

"ఇద్దరం ఒకటే కదే."

ఒళ్లు మండిపోయింది. ఇద్దరం ఒకటే అయితే ఒక్క రోజైనా ఆ జలగ ఉన్ని మేజోళ్లకు పట్టాలి కదా! అప్పట్నుంచి చెవి పెట్టి విన్నాను. నా పొద్దులన్నీ ఆయన నోటి వెంట పటమట చేరుతున్నాయి. పొగమంచులో నేను దారి తప్పితే ఆయన దారి తప్పారు. క్యారెట్లు కడిగేచోట కూలి ఆడవాళ్లు నాకొక ముక్క తినమని ఇస్తే ఆయన తిన్నారు. జనవరిలో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని, అడుగు వేస్తే మరమరాల్లా కరకరమంది. చెప్పకూడదనుకున్నాను. కానీ అంత సంబరాన్ని కడుపులో దాచుకోవడం నావల్ల కాలేదు. ఆ పరాయి ఊళ్లో ఇంటి మనిషిగా చెప్పుకోవడానికి నాకు ఉన్నది ఆయనొక్కరే. ఆ సాయంత్రమే మంచు మా మరిదికి చేరిపోయింది.

ఫిబ్రవరిలో అడవిదున్న ఎదురైంది. కుడిపక్క తేయాకు పొదల్లోంచి చప్పుడు లేకుండా వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. మా వంటగదంత ఉంది. ఇంటావిడ నా మణికట్టు పట్టుకుని, కదలకు అన్నట్టు నొక్కారు. అది మమ్మల్ని చూసింది. ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత తాపీగా దారి దాటి కిందికి దిగిపోయింది. మట్టిలో చతికిలబడి, ఎందుకో తెలియకుండా ఏడ్చాను. భయంతో కాదు. నేను వంటింట్లో గడిపిన ఇన్నేళ్లూ ఇలాంటి పొద్దులు ఎక్కడో ఉంటూనే ఉన్నాయని ఏడ్చాను. ఆ ఏడుపు సంగతి ఆయనకు చెప్పలేదు. దున్న సంగతి మాత్రం చెప్పాను, అది నా బలహీనత.

ఏడాది నిండి పటమట వచ్చేశాం. నా సంచి మళ్లీ నా చేతికి వచ్చింది. ఆయన సాయంత్రం కాగానే స్కూటరు మీద కాలవ గట్టు టీ బడ్డీకి వెళ్లి, తోటి వ్యాపారస్తులకు కొండల కబుర్లు చెప్పేవారు. వీధిలో అందరూ "మీ వారు దున్నకు ఎదురు నిలబడ్డారటగా!" అనేవారు. "పాపం, అంత చలిలో ఇంట్లో మీకేం తోచేదండీ?" అని నన్ను పరామర్శించేవారు. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. నలుగురిలో మొగుడి పరువు తియ్యకూడదని నాకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. రిపోర్టులు బాగున్నాయి. ఏడాదిపాటు ఉప్పూ నూనే కొలిచి వండింది నేను. డాక్టరుగారు కాగితాలు తిప్పి, "నడక బాగా పనిచేసిందండీ" అన్నారు.

"పన్నెండు నెలలూ బయటేనండీ" అన్నారు మా వారు, కళ్లార్పకుండా.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మేడం, మీరు కూడా కొంచెం నడవాలండీ. ఇంట్లోనే కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి."

నేను నోరు తెరిచేలోపే మా వారు అందుకున్నారు. "నేనూ అదే చెప్తున్నానండీ. వినదు."

ఆటోలో డ్రైవరు ఎదుట వద్దని ఇంటిదాకా ఓర్చుకున్నాను. గుమ్మం దాటి లోపలికి వచ్చాక మాత్రం ఆగలేదు. జలగ దగ్గర మొదలుపెట్టి దున్నదాకా వరసగా దులిపేశాను. మీకు కొట్టు ఉంది, స్కూటరు ఉంది, టీ బడ్డీ ఉంది, అడిగినవాళ్లకల్లా చెప్పుకోవడానికి నోరుంది. నాకంటూ ఉన్నది ఆ పొద్దులే, వాటిని కూడా లాక్కున్నారు అన్నాను. గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది. వినిపించనీ అనుకున్నాను.

ఆయన నేల వైపు చూస్తూ అన్నారు.

"భయమేసిందే. ఆ ఎత్తుల్లో నడుస్తా నడుస్తా పడిపోతే? మళ్లీ నొప్పి వస్తే? ఆ మాట బావగారితో ఎలా అనను? మగాడు భయపడి ఇంట్లో కూర్చున్నాడంటే నవ్వరూ?"

జాలి వేసిందా అంటే, వేసింది. కోపం పోయిందా అంటే, పోలేదు. ఆ ముక్క ఏడాది కిందట చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని పదడుగులైనా నడిపించేదాన్ని. తన భయం దాచుకోవడానికి నా ధైర్యం అరువు తెచ్చుకోవడం ఏం న్యాయం? పైగా వినదు అని నా మీదే చెప్పడమా?

మర్నాడు ఎండ ఎక్కకముందే ఆయన్ని లేపాను. మేకు మీది సంచి తీసి ఆయన చేతికిచ్చాను. "వంకాయలు, కొత్తిమీర. కాలవ గట్టు మీద నుంచి వెళ్దాం. స్కూటరు వద్దు. పడిపోతే పట్టుకోవడానికి నేనున్నాను" అన్నాను. నేను ఉత్త చేతులతో ముందు నడిచాను. మూడు గుమ్మాల్లోంచీ చూశారు. "సంచి మర్చిపోయారా అండీ?" అని ఎదురింటావిడ అడిగింది. "లేదండీ, ఆయన దగ్గరుంది" అన్నాను. ఆయన వెనక నుంచి మెల్లగా వస్తున్నారు. వేసవి కాబట్టి కాలవలో నీళ్లు అడుగంటాయి. ఆ బురదలోనే కొంగలు దిగాయి. నిలబడి చూశాను. ఎవరికీ కారణం చెప్పలేదు.

టీ బడ్డీ దగ్గర ఆయన స్నేహితులు నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి బెంచీ మీద చోటిచ్చారు. వాళ్లలో ఒకాయన, "ఆ దున్న సంగతి మళ్లోసారి చెప్పండి గురూగారూ, మా తమ్ముడు వినలేదు" అన్నారు.

మా వారు నోరు తెరిచారు. నా వైపు చూశారు. చేతిలో సంచిని మడతపెట్టి, మళ్లీ విప్పారు.

"నేను కాదండీ, చూసింది ఈవిడ. ఈవిణ్ణే అడగండి" అన్నారు చిన్నగా.

అందరూ నా వైపు తిరిగారు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టాను. పొదలు, చప్పుడు లేకపోవడం, మణికట్టు మీద ఇంటావిడ చెయ్యి, అన్నీ చెప్పాను. కుడిపక్క నుంచి వచ్చింది అనేసరికి మా వారు ఆపుకోలేకపోయారు.

"కుడి కాదే, ఎడమ పక్క నుంచి."

"మీరున్నారా అక్కడ?" అన్నాను.