రాతి మీద పొట్టి లింకు

పుంగనూరు బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే వెంకటేష్‌ను ఊళ్లో అందరూ లింకు వెంకటేష్ అనేవాళ్లు. మొదట్లో ఆ పేరును బిరుదులా మోశాడు. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే తల దించుకుని పోతాడు. ఎందుకో చెప్తాను. జాలిపడమని కాదు. అతని మీద జాలి నాకే లేదు, మీకెక్కడి నుంచి తెచ్చిపెట్టను?

అతని సెంటరు పక్కనే నా జెరాక్సు అంగడి. మధ్యలో ఒకటే గోడ. అటు దగ్గితే ఇటు వినపడుతుంది. వెంకటేష్ సొంతూరు కురబలకోట పక్క పల్లె. నాయన గొర్రెలు మేపి మదనపల్లెలో కంప్యూటరు కోర్సు చదివించాడు. కోర్సు అయ్యాక, రెండువేల నాలుగులో, పుంగనూరొచ్చి పాత కంప్యూటర్లు కొన్ని పెట్టుకుని సెంటరు తెరిచాడు. తెలివిగలవాడే, కాదనను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉండేవాడు. నేర్చుకున్న వాటన్నిట్లో అతనికి బాగా నచ్చింది పొట్టి లింకు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నెట్టులో ఒక్కో పేజీ అడ్రసు రోడ్డు దాటే గొర్రెల మంద మాదిరి ఎంతకీ తెగదు. ఆ పొడుగు అడ్రసును తీసుకుపోయి ఒక సైటులో పెడితే నాలుగైదు అక్షరాల పొట్టి అడ్రసు ఇస్తుంది. పొట్టిదాన్ని నొక్కితే ఆ సైటు మనల్ని పొడుగుదాని దగ్గరికి చేరుస్తుంది. అంటే మధ్యలో ఒక దళారి. మదనపల్లె టమోటా మండీలో దళారి ముంచితే కనీసం వాడి ఇల్లెక్కడో మనకు తెలుసు, పోయి గుమ్మంలో కూర్చోవచ్చు. ఈ దళారి ఏ దేశంలో ఉంటాడో, రేపు అంగడి తెరుస్తాడో లేదో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి. పొడుగు అడ్రసు చూస్తే అది ఎక్కడికి పోతుందో కాస్త ఊహించవచ్చు. పొట్టిదాని మొహం చూసి ఏమీ చెప్పలేం.

వెంకటేష్‌కు నచ్చింది సరిగ్గా అదే. లోపల ఏముందో తనకు మాత్రమే తెలియాలి, ఎదుటివాడు గుడ్డిగా నొక్కాలి. ఏముందని అడిగితే, "నొక్కి సూడప్పా, నీకే తెలుస్తాది" అనేవాడు.

గాజుల అంగడి సుభాన్ తన బావమరిది దుబాయి వీసా కోసం ఎదురుచూస్తున్న రోజులవి. వెంకటేష్ అతనికి ఒక మెయిలు పంపాడు. వీసా వచ్చింది చూడు అని ఒక ముక్క, కింద పొట్టి లింకు. సెంటర్లో ఆ మెయిలు చూసిన సుభాన్ ఉరుక్కుంటూ ఇంటికి పోయి పెళ్లాం మసూదాను కూడా పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని లింకు నొక్కారు. స్క్రీను నిండా నెత్తురు కారే దయ్యం మొహం, స్పీకర్లలో గావుకేక. మసూదా కుర్చీ మీద నుంచి కిందపడింది. సెంటరంతా పగలబడి నవ్వింది. వెంకటేష్ అయితే కడుపు పట్టుకున్నాడు.

సుభాన్ నవ్వలేదు. పెళ్లాన్ని లేపి నిలబెట్టి ఒక మాటన్నాడు. "పొట్లంలో ఏముండాదో సెప్పి ఇచ్చేది మర్యాద వెంకటేషా. విషం అమ్మేవోడు గూడా డబ్బా మీద రాసి అమ్ముతాడు. ఇంగ నువ్వు పంపిచ్చేది ఏదీ నేను నొక్కను."

"తమాషాకు సేస్తే యాల ఇంత కోపం?" అన్నాడు వెంకటేష్.

అతని తమాషాలు ఆగలేదు. పరీక్ష ఫలితాలని పంపేవాడు, ఉద్యోగమని పంపేవాడు. తెరిస్తే దయ్యమో, కోతో, చెప్పుల దండో. మా హైస్కూలు పాత విద్యార్థులందరికీ ఆర్కుట్‌లో ఒక గుంపు ఉండేది. అందులో ఒకడు పైనే రాసిపెట్టాడు, వెంకటేష్ లింకు పంపితే ఎవరూ తెరవొద్దని. దాన్ని అందరూ పాటించారు. నేనూ పాటించాను. నాకు అందులో తప్పేమీ కనపడలేదు, ఇప్పటికీ కనపడదు.

మా హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన కుప్పుస్వామి సారు రెండువేల ఆరులో పోయాడు. పిల్లలు లేరు. భార్య ఈశ్వరమ్మ ఒక్కతే మిగిలింది. సారు రిటైరైన రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. తాను మొట్టమొదట పాఠం చెప్పిన తరగతి హాజరు, కాగితం చూడకుండా వరసగా పిలిచాడు. తల నెరిసినవాళ్లు లేచి చేతులు కట్టుకుని ప్రెజెంట్ సార్ అన్నారు. అందరి పేర్లూ అయ్యాక కాస్త ఆగి, "ఈశ్వరమ్మ" అని పిలిచాడు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న ఆమె లేచి నిలబడి, "వచ్చినాను సార్" అంది. సభ సభంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. సభను ఎవరో రికార్డు చేస్తుంటే ఆ నవ్వు కూడా క్యాసెట్లో పడింది. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్లోనే.

ఆ క్యాసెట్టు అరిగిపోతోందని ఈశ్వరమ్మకు బెంగ. ఎవరో చెప్తే వెంకటేష్ దగ్గరికి తెచ్చింది. అతను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పేరూ ఊరూ అడగకుండా ఊరికే చోటిచ్చే ఏదో సైటులో సారు ఫోటోతో సహా పెట్టాడు. ఆ సైటు ఇచ్చిన అడ్రసు చాంతాడంత ఉంది. దాన్ని వెంటనే పొట్టిది చేశాడు.

"ఆ పొడుగుది యాడన్నా రాసి పెట్టుకున్నావా?" అని నేనే అడిగాను.

"కాల్లో ముల్లు తీసేసినాక దాన్ని ఎవురన్నా దాసి పెట్టుకుంటారా?" అన్నాడు. ఈశ్వరమ్మ వైపు తిరిగి, "ఇంగ క్యాసెట్టుతో పనిలేదమ్మా. నెట్టులో ఉంటే భూమి ఉన్నంత కాలం ఉంటాది" అన్నాడు. కంప్యూటర్లో ఎక్కించినదాన్ని చోటు చాలదని చెరిపేసి, క్యాసెట్టును సెంటర్లోనే ఏ మూలో పడేశాడు. దసరాకు సున్నం కొట్టించినప్పుడు పాత సామాన్లతో పాటు అదీ పోయింది.

అప్పటి నుంచి ఈశ్వరమ్మ ఆదివారం ఆదివారం సెంటరుకు వచ్చేది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకునేది. చెవులు మూసుకున్నవాళ్లకు తమ గొంతు తమకు తెలియదు కదా, చివర్లో పెద్దగా "వచ్చినాను సార్" అనేది. కుర్రవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు వెంకటేష్ కూడా నవ్వేవాడు. ఆమె కళ్లు తెరిచేసరికి అందరూ బుద్ధిమంతులైపోయేవాళ్లు.

తర్వాతి ఏడు పాత విద్యార్థులంతా కలిసి బడి గేటు పక్కన సారు పేరుతో మంచినీళ్ల కొళాయిలు కట్టించారు. పైన ఒక రాయి పెట్టాలన్నారు. ఆ పని వెంకటేష్ మీదేసుకున్నాడు. రాయి కుప్పంలో చెక్కించాలి. అక్షరాలు చెక్కే మునిరత్నం దగ్గరికి తోడుగా నన్నూ తీసుకుపోయాడు. రాయి మీద సారు పేరు, దాని కింద నెట్టు అడ్రసు ఉంటే ఎవరైనా ఆయన గొంతు వినొచ్చని అతని ఆలోచన. ఆలోచన మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను.

మునిరత్నం రాయిని కొలిచి, "మూడు వరసలే పడతాయప్పా" అన్నాడు.

"సాలు. పొడుగు అడ్రసయితే రెండు వరసలు తినేసేది. ఇది పొట్టిది. ఒక వరసలో అయిపోతాది" అన్నాడు వెంకటేష్.

"మరి మూడోదాన్లో ఏం సెక్కల్ల?"

వెంకటేష్ నా వైపు చూడకుండా కాగితం తీసి రాశాడు. ఏర్పాటు చేసినవారు అని, దాని పక్కన తన పేరు. ఇంటిపేరుతో సహా. కొళాయిలకు చందా ఇచ్చినవాళ్ల పేర్లేవీ లేవు. కొళాయిల చోట కొట్టిన ముళ్లకంప లాగేందుకు కూడా రాని మనిషి పేరు మునిరత్నం ఉలి కింద మెరుగు తేలింది.

రాయి పెట్టిన రోజు పొట్టి లింకును గుంపులో అందరికీ పంపాడు. సారు గొంతు వినండి అని రాశాడు. ఎవరూ నొక్కలేదు.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో ఆ పొట్టి లింకుల సైటు మూతపడింది. దాని పేరును ఎవడో కొనుక్కున్నాడు. పాత లింకులన్నీ వాడు బూతుబొమ్మల పేజీకి తిప్పేశాడు. వెంకటేష్‌కు ఆ సంగతి ఒక ఆదివారం, ఈశ్వరమ్మ వచ్చే ముందు తెలిసింది. గోడ ఇవతల నుంచి నాకు అతని గొణుగుడు వినపడుతూనే ఉంది. సారు పేజీ నెట్టులో ఎక్కడో చెక్కుచెదరకుండా ఉంది. అక్కడికి పోయే దారే లేదు. సెంటరు కంప్యూటర్లలో ఎవరేం చూశారో తెలియకుండా అతనే రోజూ సాయంత్రం తుడిచేసేవాడు. అట్లా ఆ దారి కూడా తుడుచుకుపోయింది.

ఆ రోజు ఈశ్వరమ్మ వస్తే, "నెట్టు లేదమ్మా, లైను పోయింది" అన్నాడు. తర్వాతి వారమూ అదే మాట. ఆమె పక్కన కుర్రవాడు నెట్టులోనే ఆట ఆడుతున్నాడు. ఆమె ఆ స్క్రీను వైపు చూసి వెళ్లిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వెంకటేష్ గుంపుకెక్కాడు. సారు పేజీ పొడుగు అడ్రసు ఎవరి దగ్గరన్నా ఉందా, సారు గొంతు ఎవరన్నా దింపుకున్నారా అని అడిగాడు. ఒక్కడు తెరిచి ఉన్నా వాడి కంప్యూటర్లో ఆనవాలు దొరికేది. జవాబులు వచ్చాయి. "ఈసారి దయ్యమా, కోతా?" అని ఒకడు. "నీ లింకు నొక్కేంత ఎర్రోళ్లం గాదు" అని ఇంకొకడు. వెంకటేష్ నా అంగట్లోకి వచ్చి, "ఒట్టు, ఇది తమాషా గాదని నువ్వన్నా సెప్పప్పా" అని బతిమాలాడు. నేను చెప్పాను కూడా. చెప్పి లాభం ఏముంది, నొక్కినవాడు ఒక్కడూ లేడు. సుభాన్‌ను అడిగితే గాజులు సర్దుకుంటూ, "ఆ పొద్దే సెప్పినాను గదా" అన్నాడు.

వెంకటేష్ అప్పటికైనా బడికి పోయి, ఆ రాయి మీది లింకు ఎవరూ తెరవొద్దని చెప్పి ఉండాల్సింది. చెప్తే తన పేరు పోతుంది. అందుకని చెప్పలేదు.

సారు పోయిన రోజు ఏటా బడిలో చిన్న సభ పెడతారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన కంప్యూటరు టీచరు మాధవి, రాయి మీది అడ్రసు చూసి ముచ్చటపడింది. ఈశ్వరమ్మను పిలిచి పదో తరగతి పిల్లల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. గోడ మీద పెద్దగా పడేట్టు ప్రొజెక్టరు పెట్టింది. "అమ్మా, సారు గొంతు ఇప్పుడు మన పిల్లలు గూడా వింటారు" అంది. ఈశ్వరమ్మ కొంగు సర్దుకుని, పిలుపు వస్తే లేవడానికి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. మాధవి అడ్రసు కొట్టింది.

గోడ మీద ఏం పడిందో నేను రాయను. మాధవి వైరు పీకేసేలోగా పిల్లలందరూ చూశారు, ఈశ్వరమ్మా చూసింది. వెనక బెంచీలో ఎవడో ప్రెజెంట్ సార్ అన్నాడు. తరగతంతా నవ్వింది.

ఆమె బడి నుంచి నేరుగా నా అంగడికి వచ్చింది. ఏం జరిగిందని అడిగింది. పొట్టి లింకు, పొడుగు అడ్రసు, పాత సామాన్లలో పోయిన క్యాసెట్టు, కుప్పంలో మూడో వరస, అన్నీ చెప్పాను. గోడ అవతల వెంకటేష్ వింటున్నాడని తెలిసే చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది.

ఆ వారమే మునిరత్నాన్ని కుప్పం నుంచి పిలిపించారు. లింకు వరస చెక్కి తీసేసి రాయి నున్నగా చేయమని అందరూ అన్నారు. ఈశ్వరమ్మ అడ్డం వచ్చింది.

"లింకును ముట్టుకోవద్దు. సారు పేరు తీసెయ్యప్పా."

"సచ్చిపోయినాయన పేరు మీద ఉలి పెట్టేది పాపం గదమ్మా" అన్నాడు మునిరత్నం.

"ఆ బూతు నెత్తిన ఆయన పేరుండేది అంతకన్నా పాపం."

"అయితే ఆ బూతే తీసేస్తా."

"అది తీసేస్తే, ఇది ఎవురు సేసినారో జనానికి ఎట్లా తెలుస్తాది?"

వెంకటేష్ జనంలోంచి ముందుకొచ్చాడు. ఏడుస్తున్నాడు. "నా పేరు గూడా తీసెయ్యమని సెప్పమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు.

"యాల తియ్యల్ల? నీ పేరు పట్టాలనే గదా పొట్టిదాన్ని సెక్కిచ్చినావు" అంది ఆమె.

మునిరత్నం సారు పేరు చెక్కి తీసేశాడు. ఇప్పుడు రాయి పైవరస గరుకుగా ఉంటుంది. దాని కింద లింకు, ఆ కింద మెరుగు పోకుండా వెంకటేష్ పేరు. ఆ బూతు పేజీ కూడా తర్వాత ఎప్పుడో పోయిందట. కొట్టినా ఏమీ రాదు. బడిపిల్లలు నీళ్లు తాగుతూ మూడో వరస గట్టిగా చదువుతారు. వెంకటేష్ ఇంటికి బడి ముందు దారే దగ్గర. అతను మాత్రం చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి పోతాడు.

మొన్న ఈశ్వరమ్మ పెన్షను కాగితాలు జెరాక్సు చేయించడానికి వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. కాగితాలు ఇచ్చేసి బెంచీ మీద కూర్చుంది. నేను తల ఎత్తకుండా ఒక్కొక్కరి కాగితాల మీది పేరు చదివి పిలుస్తున్నాను. ఆ ఊపులో "ఈశ్వరమ్మ" అనేశాను.

ఆమె దిగ్గున లేచి నిలబడింది. "వచ్చినాను సా..." అని, నా మొహం చూసి ఆగిపోయింది.

గోడ అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఆమె కాగితాలు తీసుకుని లెక్క పెట్టుకోకుండా వెళ్లిపోయింది.