గొలుసు ప్రార్థనలో ఉబ్బిన ఫోను

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైతే మా చర్చి స్త్రీల సమాజం శుక్రవారాల్లో గొలుసు ప్రార్థన పెట్టుకుంటుంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు మంది, మనిషికో గంట. ఒకప్పుడు ఎవరి ఇంట్లో వాళ్ళు మోకరించేవారు. ఇప్పుడు ఫోనులో గ్రూపు కాల్ తెరిచి ఉంచుతున్నారు. ఒకరు పైకి ప్రార్థిస్తుంటే మిగిలినవాళ్ళు వింటారు. ఎవరి గంటలో కాల్ తెగితే వాళ్ళు గొలుసు తెంపినట్టే లెక్క.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. ఆమె గంట మధ్యాహ్నం రెండు నుంచి మూడు. ఎక్కడ ఆలస్యమవుతుందోనని పన్నెండింటికే కాల్‌లో చేరేది. మధ్యలో ఛార్జింగ్ అయిపోతుందని తీగ గుచ్చే ఉంచేది. తను ఊలుతో అల్లిన సంచీలో ఫోను పెట్టి, మూతి బిగించి, దిండు మీద చెవి పక్కన పెట్టుకునేది.

నేను ధాన్యం కాటా దగ్గర పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది, లెక్కలు బస్తాల దగ్గరే పట్టుబడ్డాయి. కొలవనిదే నాకు దేనిమీదా నమ్మకం కుదరదు. మొదటి శుక్రవారం భోజనానికి ఇంటికొచ్చి ఆ సంచీ మీద చెయ్యి వేస్తే, అప్పుడే దించిన అన్నం గిన్నెను గుడ్డతో పట్టుకున్నట్టుంది. ప్రార్థన అయ్యాక ఫోను బయటికి తీసి, మణికట్టు లోపలి వైపు ఆనించి, చురుక్కుమనేదాకా అంకెలు లెక్కపెట్టాను. అరవై వచ్చింది. రెండో శుక్రవారం నలభై ఒకటి. మూడోసారి ఇరవై మూడు.

"ఏంటిరా, దానికి నాడి చూత్తున్నావా?" అని నవ్వింది అమ్మ.

"జ్వరం పెరుగుతోందమ్మా. సంచీలోంచి తీసి, ఛార్జర్ పీకేసి మాట్లాడు."

"పీకితే మధ్యలో చచ్చిపోద్ది రా. వేడెక్కితే ఏమైంది, కుండ మీద పెడతాను కదా."

నిజంగానే పెట్టేది. తడిగుడ్డ చుట్టిన మంచినీళ్ళ కుండ మూత మీద, కూరగాయలు వాడకుండా పెట్టినట్టు. సమాజంలో చాలామంది అదే చేస్తారట. ఒకరోజు వెలుతురుకు పెట్టి చూస్తే కెమెరా అద్దం లోపలి వైపు చెమ్మ కనిపించింది. వేడిని ఆపుతున్నామనుకుని లోపలికి నీళ్ళు పంపిస్తున్నాం.

ఆ సోమవారం ఫోను బల్ల మీద కుదురుగా కూర్చోలేదు. సామర్లకోట తీసుకెళ్ళాను. దుకాణం అతను దాన్ని అద్దాల బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తోశాడు. గిర్రున తిరిగింది.

"చూశారాండి, బొంగరం. బ్యాటరీ ఉబ్బిపోయిందండి. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పరుపుల మీద అసలు ఉంచకండి. వేరే బ్యాటరీ రావాలంటే పది రోజులు పడుద్ది."

అమ్మకు నా ఫోను ఇస్తానన్నాను.

"నీ ఫోనుకి కాటావోళ్ళు చేస్తానే ఉంటారు. నా గంటలో వడ్ల బేరాలేంటిరా?"

నా భార్యది మీటల ఫోను, అందులో గ్రూపు కాల్ రాదు. "ఈ ఒక్క శుక్రవారం నడవనీరా నాన్నా" అంది అమ్మ. ఆ మాటకంటే నా లెక్కే నన్ను ఒప్పించింది. అరవైకీ నలభై ఒకటికీ తేడా పంతొమ్మిది, నలభై ఒకటికీ ఇరవై మూడుకూ పద్దెనిమిది. దిగుడు సమంగా ఉంది. ఈసారి అయిదు దాకా రావచ్చు, ఇంకో వారం ఆగుతుంది అనుకున్నాను. బస్తా ఎంత నిండితే అంత బరువు తూగుతుంది. ఫోను కూడా అలాగే చెప్పి చెప్పి వేడెక్కుతుందని నమ్మాను. సంచీ వద్దు, తీగ వద్దు, దిండు వద్దు అని అమ్మను ఒప్పించి పనికి వెళ్ళాను.

శుక్రవారం రెండూ ఇరవైకి ఇంటి గుమ్మంలోనే వాసన తగిలింది. బాగా మాగిన పండులా తియ్యగా ఉంది. ఇంట్లో పండ్లేమీ లేవు. అమ్మ మంచం మీద కళ్ళు మూసుకుని ప్రార్థిస్తోంది. ఫోను సంచీలో ఉంది, సంచీ దిండు మీద ఉంది, తీగ గోడకు ఉంది.

"ఒంటిగంటకే ఛార్జింగ్ పడిపోయిందండి" అంది నా భార్య మెల్లగా. "గుచ్చాక చేత్తో పట్టుకోలేకపోయారు. కాలుతోందని అత్తయ్యగారే సంచీలో పెట్టుకున్నారు."

స్విచ్ కట్టేసి తీగ పీకాను. సంచీ మీద వేలు పెడితే ఒకటి అనేలోపే తీసేయాల్సి వచ్చింది. ఫోను పొట్ట ఊలును అన్ని వైపులా బిగదన్ని ఉంది. అందులోంచి ఇంకెవరో ఆడమనిషి "ఆమెన్" అంటోంది.

"అమ్మా, వదులు."

ఆమె కళ్ళు తెరవకుండానే సంచీ తాడు వేలికి చుట్టుకుంది. నేను తాడు విప్పి, దిండుతో సహా ఎత్తి, బాత్‌రూము కట్టించగా మిగిలిన ఇసక కుప్ప మీదికి పరుగెత్తాను. దిండు లాగేసి వెనక్కి వస్తుంటే కాల్ తెగింది. ఆ చప్పుడు అమ్మకు వినబడినట్టుంది.

"నా గంట రా" అంటూ గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. "ఇంకా ఎంతుంది?"

"ముప్పై ఆరు నిమిషాలు."

అమ్మ మెట్టు మీద కూర్చుని, వినేవాళ్ళెవరూ లేకుండా, ఆపిన చోటు నుంచి మొదలుపెట్టింది. సంఘంలోని ఇళ్ళు ఒక్కొక్కటే పేరు పెట్టి ప్రార్థిస్తోంది. నేను పార నిండా ఇసక ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు ఏమీ కాలేదు. నేనే తొందరపడ్డానేమో, ఉత్తినే గొలుసు తెంపానేమో అనిపించసాగింది. పార దించబోతుండగా సంచీ లోపల పాము బుస కొట్టినట్టు అయింది. ఊలు మధ్యలో నల్లటి మచ్చ లేచి వెడల్పయింది. మంట నా మోకాలి ఎత్తు వచ్చింది. పార మీద పార ఇసక పోశాను. కింద నుంచి మళ్ళీ మళ్ళీ బుస వినిపించింది.

పొగ వరండా వైపు తిరిగింది. లోపలికి వెళ్ళమని అరిచాను. అమ్మ కదల్లేదు, కళ్ళూ తెరవలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తరువాతి ఇంటివాళ్ళ పేరు అందుకుంది.