మొక్కకముందు కొరికించిన మామిడికాయ

మా సీరియల్ చూసినవాళ్లకి అడవి దొర మామిడికాయ కొరికి సగం మహామంత్రి చేతిలో పెట్టే సన్నివేశం గుర్తుండే ఉంటుంది. అది మేం షూటింగు చేసిన కొండ ఊరివాళ్ల పూర్వాచారమనీ, దొర వేషం వేసిన పెద్దాయనే మాకు నేర్పాడనీ నేను టీవీ ఇంటర్వ్యూలో చెప్పాను. రెండూ అబద్ధాలే.

కథ మగధ సింహాసనం చుట్టూ నడిచే ఎత్తులూ పైఎత్తులూ. నేను మాటల రచయితని. కుర్ర రాజుని గద్దె ఎక్కించాలంటే మంత్రికి అడవి దొర ఏనుగులు కావాలి. పొత్తు కుదిరిందని మాటల్లో చెప్పిస్తే తేలిపోతుందనిపించి, కాయ పంచుకోవడం హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని నేనే పుట్టించాను.

షూటింగు గుమ్మలక్ష్మీపురం పైన ఒక కొండ ఊళ్లో. దొర వేషానికి అనుకున్న నటుడు రాలేదు. దర్శకుడి కన్ను ఆ ఊరి పెద్దాయన మీద పడింది. ఊరి పూజలన్నీ చేసేది ఆయనే. మావాళ్లు సాలూరు బజారు నుంచి పెద్ద పెద్ద కలెక్టరు మామిడికాయలు తెచ్చారు. రెండు వేల ఏళ్ల కిందటి అడవిలో కలెక్టరు కాయలేమిటని నేనే కేకలేసి, వాగు గట్టు మీది చెట్టు నుంచి చిన్న పీచుకాయలు కోయించాను.

పెద్దాయన కాయని చేతిలో తిప్పి చూశాడు.

"ఇది ఏ సెట్టుది బాబూ?"

"సాలూరులో కొన్నాం తాతా," అన్నాను.

"మా కొండదైతే నాను కొరకకూడదు. ఇంకా కొత్త పండగ అవ్వలేదు. ముందు తల్లికి పెట్టాల, ఆ తరవాతే ఊరు తినాల. పెట్టీవోణ్ని నానే."

ఎండ కొండ వెనక్కి జారుతోంది. ఆ మాటకి అర్థం నాకు బాగానే తెలిసింది.

"సాలూరుదే తాతా. నా మాట నమ్ము."

పక్కనే నిలబడ్డ ఆయన కూతురు అంది: "సూసుకో అయ్యా, సినిమావోళ్ల మాట!"

"సదువుకున్నోడే, అబద్దమెందుకాడతాడు?" అని నవ్వి కొరికాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది. ఒక్క క్షణం నా వైపు చూశాడు. దర్శకుడు చప్పట్లు కొట్టి, ఇంకోసారన్నాడు. మొత్తం మూడు టేకులు.

ఆ భాగం వచ్చింది, పేరొచ్చింది. ఆ ఊపులోనే ఇంటర్వ్యూ ఇచ్చాను. మరుసటి మాఘంలో రెండో విడత షూటింగుకి చోటు చూడ్డానికి వెళ్తే, గుమ్మలక్ష్మీపురం సంతలో ఆయన కూతురు కొండచీపుళ్లు అమ్ముతూ కనిపించింది.

"ఏటి బాబూ, ఇంకో కాయ తినిపించడానికొచ్చేవా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఊరంతా ఫోన్లో సూసేరు. అది మా వాగు కాయని సిన్న పిల్లగుంటలు కూడా సెప్పీసేరు. మా అయ్య పూజ మానీసేడు."

"నేను సాలూరుదన్నానని చెప్పలేదా?"

"సెప్పేడు. నమ్మేదెవులు? టీవీలో నువ్వు ఆయనే నేర్పేడంటివి. పండగ కాకుండా తినడమే మా ఆచారమని ఊరి పేరు సెడగొట్టేడంటన్నారు. ఆ తల్లి ముందు నిలబడ్డం తప్ప మా అయ్యకి ఇంకేటి తెలుసు?"

ఆ రోజే ఆమెతో కలిసి ఆటోలో కొండెక్కాను. పెద్దాయన అరుగు మీద కందులు చెరుగుతున్నాడు. ముందు మంచినీళ్లిచ్చాడు. ఊరివాళ్లని పిలవమంటే, "ఎందుకు బాబూ, అయిపోనాది" అన్నాడు. కూతురే వెళ్లి పిలుచుకొచ్చింది.

కాయ ఎక్కడ కోయించానో, ఏమని నమ్మించానో, టీవీలో ఏం కల్పించానో అందరి ముందూ చెప్పాను.

"కొరికిన ఎంగిలి కాయ సుట్టానికెవులిస్తారేటి? బుర్ర లేదా నీకు?" అన్నాడొకాయన. జనం గొల్లున నవ్వారు.

పెద్దాయన మాత్రం చేట పక్కన పెట్టాడు. "ఒక మాట. మొదటిసారి ఈ బాబుని నమ్మే కొరికేను. నోట్లో పులుపు పడగానే మన వాగు కాయని తెలిసిపోనాది. మిగతా రెండుసార్లూ తెలిసే కొరికేను."

"మరెందుకు కొరికేవు?" అన్నారు జనంలోంచి ఎవరో.

"అంతమంది ఎండలో పడి పన్చేస్తన్నారు. నాను కాదంటే ఈ బాబుని అందరూ తిడతారు గదా."

నాకు తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది. చివరికి నన్ను వెక్కిరించినాయనే అన్నాడు: "అదేదో తల్లి కాడే సెప్పుకో. ఈ ఏడు కాయ నువ్వే పెట్టు."

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

దిగివచ్చేటప్పుడు ఆయన కూతురు వెనక నుంచి కేకేసింది: "మా పండగయ్యే వరకూ నువ్వూ తినకు, బాబూ!"

ఇంటర్వ్యూ తీసేయమని ఛానెల్‌ని అడిగాను. ఇంకా ఉంది. చూసినవాళ్లు ఆ ఆచారం గురించి ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు హైదరాబాద్‌లో పచ్చి కాయలు ముందే దిగాయి. ఇంట్లో మామిడికాయ పప్పు చేసిన రోజున నేను మజ్జిగన్నం తిని లేచాను. చైత్రంలో ఒక పొద్దున్న ఫోన్ మోగింది.

"మా అయ్య పెట్టేడు," అంది ఆయన కూతురు. వెనకాల డప్పులు వినిపిస్తున్నాయి. "ఇంక తినొచ్చు."