చెరిపేముందు చదివిన పేరు

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉందనగా, కరోనా భయం తగ్గి జనం మాస్కులు జేబుల్లో పెట్టుకు తిరుగుతున్న చలికాలంలో, గోదావరిఖనిలోని మా బొగ్గుగనుల కంపెనీ ఏరియా కార్యాలయం నా పేరిట ఒక ఆఫీస్ ఆర్డర్ తీసింది. అప్పటికి నేను ఇ.డి.పి. విభాగంలో సీనియర్ ప్రోగ్రామర్‌ని. గనుల హాజరు పట్టీల నుంచి స్టోర్సు సరుకుల దాకా కంపెనీ సంగతులన్నీ కంప్యూటర్‌కెక్కించే విభాగం మాది. వాడుక తీరిన ఇరవై రెండు కంప్యూటర్లను కార్మికవాడల బడులకు ఇవ్వబోతున్నారు. ఇచ్చేముందు వాటిలోని సమాచారాన్ని మళ్లీ తిరిగి రాకుండా చెరిపి, ఒక్కోదానికి ఒక్కో ధ్రువపత్రం మీద నేను సంతకం చేయాలి. ఈ పని నాకే రావడానికి కారణం నా ప్రతిభ కాదు, నా పాత తప్పు.

అంతకు ముందు మొదటి విడత కంప్యూటర్లను ఒక బడికి ఇచ్చినప్పుడు నేను వాటిని ఊరికే ఫార్మాట్ చేసి పంపాను. నిమిషంలో అయిపోయే ఫార్మాట్ అది. డిస్కు ఖాళీ అని చూపిస్తుంది కానీ ఖాళీ అవదు. క్వార్టర్ తలుపు మీద నంబరు తుడిచేస్తే లోపల కాపురమున్నవాళ్లు సామాను సర్దుకుని పోరు కదా, ఇదీ అంతే. నెల తిరక్కముందే ఆ బడి కంప్యూటర్ టీచర్ ఫోన్ చేశాడు. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి పిల్లలకు చూపిస్తుంటే తెర మీద ఎవరిదో మెడికల్ బోర్డు రిపోర్టు వచ్చిందట. ఎవరివో పాడైన ఊపిరితిత్తులు, పేరుతో, కంపెనీ ఇచ్చిన టోకెన్ నంబరుతో సహా. ఆయన మర్యాదస్తుడు, వెంటనే ఆపేసి ఎవరికీ చెప్పలేదు. నేనే వెళ్లి మా మేనేజర్ ముందు నిలబడి చెప్పుకున్నాను. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకని ఈసారి పద్ధతి పక్కాగా పెట్టుకున్నాను. ముందు ఆ కంప్యూటర్ ఏ సెక్షన్‌దో ఆ సెక్షన్ అధికారి, కావలసినవి నకలు తీసుకున్నామని, మిగిలినవి అక్కరలేదని రాసివ్వాలి. తర్వాత పెన్‌డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, డిస్కు మొదటి గడి నుంచి చివరి గడి దాకా సున్నాలు రాయించాలి. దీన్ని నేను పూత అనేదాన్ని. ఈ పనికి కంపెనీ పంపిన సర్క్యులర్ మూడు పూతలు వెయ్యమంది. ఆ తరహా డిస్కుకు శ్రద్ధగా వేసిన ఒక్క పూత చాలునని నా అభిప్రాయం. కానీ సర్క్యులర్‌తో వాదించి గెలిచినవాళ్లను నా ఉద్యోగంలో నేను చూడలేదు. పూతలయ్యాక డిస్కు మొత్తం తిరిగి చదివించి, సున్నా కానిది ఏమైనా మిగిలిందేమో తనిఖీ చెయ్యాలి. అప్పుడు డిస్కు సీరియల్ నంబరు రాసి, నేనూ ఒక సాక్షీ సంతకాలు పెట్టాలి. ఇప్పుడొస్తున్న ఎస్.ఎస్.డి. అనే చిప్ డిస్కులకు ఈ పూతలను నమ్ముకోకూడదు. వాటిని చెరిపే ఆజ్ఞ ఆ డిస్కులోనే వేరుగా ఉంటుంది. ఇంట్లో పాత లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేవాళ్లు ఈ తేడా తెలుసుకుంటే మంచిది.

ఇంత చెప్పినా వినేవాళ్లు వినాలి కదా. ఒక సెక్షన్ గుమాస్తా తన కంప్యూటర్‌ను తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచి తెచ్చి, "సాఫ్ చేసిన మేడం, ఇగ మీకు పనేం లేదు" అన్నాడు. మరో కంప్యూటర్‌లో ఎవరిదో పెళ్లి సీడీ ఇరుక్కుని ఉంది. దసరాకు పెట్టిన బొట్లు మాత్రం అన్నింటి మీదా ఉన్నాయి. వాటి జోలికి నేను పోలేదు, సర్క్యులర్‌లో వాటి ప్రస్తావన లేదు.

పాత రికార్డు రూములో రెండు పొడుగు బల్లలు వేయించుకుని పని మొదలుపెట్టాను. పొద్దున పూట కిటికీ అవతల అంతా మంచు. ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్వి పోసిన మట్టిగుట్టలు అందులో ఉన్నట్టూ లేనట్టూ కనిపించేవి. రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాల పైకొసలు మాత్రమే తేలి, కింద భూమి లేనట్టుండేది. నాలుగైదు డిస్కులు ఒక్కసారే తిరుగుతుంటే ఆ సన్నని మోత వింటూ కూర్చున్న మనిషికి అది నిద్రో మెలకువో తెలియదు. తెర మీద శాతం చూపించే అంకె ఒక్కటే కదిలేది. పదకొండు. చాలాసేపటికి పన్నెండు. ఎవరి సెలవు చీటీలో, ఎవరి బదిలీ మొరలో, నా కంటపడకుండానే ఒక్కొక్కటీ వెళ్లిపోతున్నాయి అనుకుంటూ చూసేదాన్ని. ఉద్యోగమంతా ఎక్కించడమే చేశాను. చెరపడంలో ఇంత హాయి ఉంటుందని అప్పుడే తెలిసింది.

మూడో రోజు పొద్దున తలకు మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఒకరు గుమ్మంలో నిలబడ్డారు. పేరు మల్లయ్య అని, ముప్పై నాలుగేళ్లు కోల్ ఫిల్లర్‌గా చేశానని చెప్పారు. భూగర్భ గనిలో పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని అది. నడుము పోయి, మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోతే, వారసత్వం కింద ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది.

"బిడ్డా, గా పర్సనల్ ఆఫీసు డబ్బ మా వాడ బడికి వోతదట గద. మా మన్మరాలు గాడనే సదువుతది. అండ్ల నా ముచ్చటొకటి ఉన్నది. గది ఎవ్వలకు కనవడకుంట పోవాలె" అన్నారు.

అన్నీ పోతాయి కాకా, ఫికర్ పెట్టుకోవద్దని చెప్పాను. ఆయన కదల్లేదు. తలుపు దగ్గరికేసి వచ్చి, నా ఎదుటి స్టూలు మీద కూర్చుని, మెల్లగా అన్నారు: "నేను మల్లయ్యను గాను బిడ్డా."

మా బొగ్గు పట్టణాల్లో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకరికొచ్చిన ఉద్యోగపు కాగితం పట్టుకుని మరొకరు గనిలో దిగడం పాతకాలంలో ఉండేది. దాన్నే మారుపేరు అంటారు. అసలు మల్లయ్య ఈయన చిన్నాయన కొడుకు. ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి జడుసుకుని, మర్నాడే ఊరికి పారిపోయి వ్యవసాయం చేసుకున్నాడు. కాగితం ఇంట్లో పడి ఉంది. ఈయన అది తీసుకుని వచ్చారు. హాజరు వేసే మస్టర్ దగ్గర మల్లయ్య అని పిలిస్తే ఆఁ అన్నారు. అంతే, అక్కడితో అసలు పేరు ఆగిపోయింది. ఆ పేరు ఓదెలు.

చాలా ఏళ్ల కింద, మారుపేర్లవాళ్లకు అసలు పేర్లు ఖాయం చేస్తారని ఒక మాట పుట్టిందట. ఉద్యోగుల వివరాలు చూసే పర్సనల్ సెక్షన్‌లో అప్పుడున్న, తర్వాత కాలం చేసిన గుమాస్తా నమ్మకమున్న కొందరిని విడిగా పిలిచి వివరాలు తన కంప్యూటర్‌లో టైపు చేసి పెట్టుకున్నాడు. ఆ మాట మాటగానే పోయింది. ఫైలు మిగిలింది. అది ఎవరైనా చదివితే కొడుకు ఉద్యోగానికి ఎసరు. ఆ కొడుక్కే ఈ సంగతి తెలియదు. తెలిసిన భార్య పోయింది.

ఆయన మనసు తేలికపరుద్దామని మా ఇంటి సంగతి చెప్పాను. మాది రామకృష్ణాపూర్. మా నాన్న కంపెనీలో నర్సయ్య, చర్చిలో ఏసుదాసు. రెండు పేర్లుండటం పెద్ద విశేషమేమీ కాదన్నాను. ఆయన నవ్వి, "మీ నాయినవి రెండూ మీ నాయినవే గద బిడ్డా" అన్నారు. మాటలు ఆపి పని చూద్దామని ఆ కంప్యూటర్‌ను బల్ల మీదికి జరిపి పెన్‌డ్రైవ్ పెట్టబోయాను.

ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టారు. "ఆగు బిడ్డా. ఒక్కసారి సూపెడతవా? రాస్తె ఎట్లుంటదో నేనెన్నడు సూడలె."

బడికి పోని మనిషి. సంతకం నేర్చుకున్నది కంపెనీలో, అదీ మల్లయ్య అనే. ఓదెలూ అని పిలిచిన తల్లి పోయి ఎన్నో ఏళ్లయింది. అన్ని వాడల్లో, అన్ని కాగితాల్లో, రేషన్ కార్డులో, ఆధార్‌లో ఆయన మల్లయ్యే. ఆ పేరు అక్షరాల్లో ఉన్నది నాకు తెలిసినంతలో ఆ ఒక్క డిస్కులోనే.

చెరిపే మనిషి ఫైళ్లు తెరవకూడదని సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. మా కుతూహలం మీద అనుమానంతో పెట్టిన నియమం అనుకునేదాన్ని. అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. నోటిమాటగా వింటే విననట్టు ఉండొచ్చు. కంపెనీ కంప్యూటర్‌లో కళ్లారా చూస్తే, చూసింది పైకి తెలియజేయడం నా విధి. తెలిసీ ఊరుకుంటే నా ఉద్యోగానికే మచ్చ. ఇంకా పద్నాలుగు నెలలు. అయినా పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, కంప్యూటర్‌ను మామూలుగా ఆన్ చేశాను.

ఆ పాత గుమాస్తా ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు పెట్టుకున్నాడు. ఫైళ్లకు పేర్లు లేవు, టోకెన్ నంబర్లే. ఆయన తన నంబరు నిద్రలో లేపినా చెప్పేట్టు గడగడా చెప్పారు. అదొక్కటే తెరిచాను. అక్షరాలు పెద్దవి చేసి, తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ముందుకు వంగి, "గిదేనా? గింతేనా?" అని ఆ మూడక్షరాల కింద తన వేలు మెల్లగా జరిపారు. తర్వాత వెనక్కి జరిగి, "సదువు బిడ్డా" అన్నారు.

ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, వరసగా చదివాను. ఓదెలు అన్న దగ్గర ఆయన నిటారుగా లేచి "ఆఁ" అన్నారు. మస్టర్ దగ్గర గొంతెత్తి పలికినట్టే పలికారు. గది బయటికి వినిపించి ఉంటుంది. వెంటనే సిగ్గుపడి నవ్వి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను.

ఒక కాగితం మీద ప్రింటు తీసిస్తానన్నాను. వద్దన్నారు. "కాయిదం నాకంటె ఎక్కువ దినాలు బతుకుతది బిడ్డా. నేను వోయినంక పెట్టెల దొరికితె పోరడు ఆగమైతడు. నడవనియ్యి మిషిని."

నడిపించాను. మొదటి పూత మొదలైంది. ఇంటికి పొమ్మంటే పోలేదు, చివరి దాకా ఉంటానన్నారు. మంచు విడిపోయి, కిటికీలోంచి ఎండ పడి, దాన్లో బొగ్గుధూళి తేలుతూ తిరుగుతోంది. డిస్కు మోతకు ఇద్దరికీ కళ్లు మూతలు పడ్డాయి. మధ్యలో ఆయన మాట్లాడుతుంటే నేను వింటున్నానో కలగంటున్నానో అన్నట్టుంది. "బాయిల లైటు ఆర్పుకుంటె ఎవ్వలు ఎవ్వలో తెల్వదు బిడ్డా. ఎవ్వలదీ అంటె, నేనే అందురు. పేరు చెప్పుడు పైకొచ్చినంకనే" అంటున్నారు. నేను ఎన్నడూ దిగని ఆ గనిలో నడుస్తున్నట్టు, నా ముందు ఎవరిదో వీపు కనిపిస్తున్నట్టు, పిలుద్దామంటే ఏ పేరుతో పిలవాలో తెలియనట్టు అనిపించింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు జలదరిస్తే ఇద్దరం ఉలిక్కిపడి తెర వంక చూశాం. రెండో పూత, నలభై ఆరు శాతం. నా టిఫిన్ డబ్బాలోని జొన్నరొట్టె సగం ఆయనకిచ్చాను. తిన్నారు. మళ్లీ మోత, మళ్లీ అంకె.

మూడు పూతలూ, తనిఖీ పూర్తయ్యేసరికి సాయంత్రం అయింది. ఆఖర్న డిస్కులో ఉన్నదేమిటో తెర మీద తెరిచి చూపించాను. పైనుంచి కింద దాకా సున్నాలు, ఎంత కిందికి జరిపినా సున్నాలే. ఆయన చాలాసేపు చూశారు. "గిప్పుడు గా పేరు యాడున్నది?" అని అడిగారు. ఈ డిస్కులో ఎక్కడా లేదని అధికారికంగా చెప్పాను. ఇంకెక్కడైనా నకలుందా అంటే నాకు తెలిసినంతలో లేదని, అంతకు మించి రాసివ్వలేనని కూడా చెప్పాను.

ఆయన తెర వంక కాక నా వంక చూశారు. "నీ తాన ఉన్నది గద" అన్నారు. కోపం లేదు, భయమూ లేదు. ఉందన్నాను. "ఉండనియ్యి" అని మఫ్లరు సర్దుకుని వెళ్లిపోయారు. పర్సనల్ సెక్షన్ నుంచి సాక్షిగా వచ్చిన గుమాస్తా సీరియల్ నంబరు చూసి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ వారంలోనే కంప్యూటర్ బడికి చేరింది.

చెరిపేవాళ్లు చదవకూడదన్న నియమం ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది. డిస్కులో ఉన్నదానికి పూత ఉంది, చదివినదానికి లేదు. మిగిలిన కంప్యూటర్లలో ఒక్క ఫైలు కూడా తెరవలేదు. చూసింది ఎవరికీ రిపోర్టు చేయలేదు. అలా దాచడం ఉద్యోగి చేయదగిన పని కాదని తెలుసు, ఇప్పుడు రిపోర్టు చేయమన్నా చేయను. ఆయన కొడుకు ఇప్పటికీ షిఫ్టుకు పోతున్నాడు. అందువల్ల ఇక్కడ మల్లయ్య అనీ, ఓదెలు అనీ నేను రాసిన రెండు పేర్లూ ఆయనవి కావు.