పదహారు తలంట్ల కథ

రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఐదో తరగతితో బడి మానేశాను, నా అక్షరాలు కుదురుగా నిలబడవు. కిందటి నెల మా అత్తగారు పోయారు. పొద్దున్నే నూలు పిసకబోతూ బాన పక్కనే కూలబడిపోయారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిమ్మని మా చేనేత సంఘం వాళ్ళు అడిగారు. మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను గానీ, ముందు కోపమే వస్తోంది.

మా వీధిలో చిరివేరుతో నూలుకి ఎరుపు రంగు వేయడం ఆవిడకొక్కరికే తెలుసు. నూలుని ఆముదపు కాయల బూడిద నీళ్ళలో, నూనెలో పిసికి ఎండబెట్టాలి. రోజూ అదే పని. తర్వాత పటిక నీళ్ళు, ఆ తర్వాత వేరు వేసి కాచడం. అంతవరకూ నేనూ చూశాను. ఎన్ని రోజులు పిసకాలో మాత్రం చెప్పేవారు కాదు.

"ఎన్నాళ్ళు అత్తయ్యా?"

"వాసన చెప్పుద్దిలే."

"నా ముక్కుకి చెప్పట్లేదు."

"మరి ముక్కెందుకమ్మా, పుడక పెట్టుకోడానికా?"

నేను మాట పెంచే మనిషిని కాదు. వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని. వాటిలో సగం ఆవిడ రంగుకి పోయినవే. నా పప్పుగుత్తికి ఇప్పటికీ ఎరుపు వదల్లేదు. అదేమంటే, "మిరపకాయ ఎరుపు ఏడాదికి పాలిపోద్ది. నాది నీ మనవరాలు కట్టినా పోదు" అనేవారు.

నాకు చెప్పని మనిషి మా ఐదేళ్ళ పాపకి అన్నం పెడుతూ కథ చెప్పేవారు. నూలుపిల్ల ఎరుపు వాళ్ళింటికి పెళ్ళికూతురిగా వెళ్తుంది. తలంటుకోకుండా వస్తే తలుపు తియ్యం అంటారు వాళ్ళు. పిల్ల నూనె, బూడిద రాసుకుని ఎండలో కూర్చుంటుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"రోజూ తలంటేనా అత్తయ్యా? ఆ పిల్ల ఇంకెప్పుడు లోపలికెళ్ళుద్ది?"

"నీకెందుకే తొందర, పెళ్ళి నీకా?"

పాప పడీపడీ నవ్వేది. నేను వినడం మానేశాను.

దినాలయ్యాక మా ఆయన అడిగారు. "బాన దగ్గర నూలు అమ్మ చేతి ఆఖరిది. అట్టాగే వదిలేసి పాడు చేస్తావా ఏంది?"

ఇంట్లో చిరివేరు ఒక్క బానకే ఉంది. తప్పితే మళ్ళీ లేదు. నూలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కంపు కొట్టింది తప్ప ఏమీ చెప్పలేదు. సరే, అయ్యే ఉంటుందిలెమ్మని పటిక నీళ్ళు కలుపుతుంటే పాప వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, కథలో పటిక పెద్దమ్మ అప్పుడే రాకూడదు. పిల్లకి పదమూడు తలంట్లే అయ్యాయి."

"ఎన్ని కావాలి?"

"పదహారు. నీకు తెలీదా?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. నూలు ఎంతవరకు వస్తే ఆవిడ కథ అంతవరకే చెప్పేవారు. కొత్త నూలు నానేసినప్పుడల్లా కథ మళ్ళీ మొదలు. గొంతు కూడా వంటింటిదాకా వినపడేది. పాపకి అన్నం పెట్టడానికి అంత గొంతెందుకు? నాకు వినపడాలనేనా? అడుగుదామంటే మనిషి లేరు. ఆ పదహారు అనే ముక్క తిన్నగా నాతో అంటే ఏం పోయింది?

మిగతా మూడు తలంట్లూ నేనే పోశాను. తర్వాత పటిక, తర్వాత ఎరుపు.

ఇది అచ్చయ్యాక నా చేతిరాత కాగితాలు ఎవరికీ చూపించకుండా పొయ్యిలో పడేయండి. ఆ బూడిద మాత్రం నూలుకి పనికిరాదు, ఆముదపు కాయలదే కావాలి.

నూలు మూడుసార్లు జాడించి దండెం మీద వేశాను. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పాప కింద తెల్లగిన్నె పెట్టుకుని, రంగు దిగుతుందేమోనని అందులోకే చూస్తూ కూర్చుంది. గిన్నెలో నీళ్ళు తేటగా ఉన్నాయి.