గంప దించాకే నీళ్ళు

పేరమ్మ చేపల గంప మోయడం మానేసి ఏళ్ళు గడిచినా, పులికాట్ ఒడ్డున ఆమె పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆ గంపే. తెల్లవారకముందే పడవలు ఒడ్డుకు రావడం, మడవ చేపలూ రొయ్యలూ ఏరి గంపకెత్తడం, స్నేహితురాలు రాఘవమ్మతో కలిసి తడ బస్సెక్కడం. వీధుల వెంట తిరిగి అమ్మే ఆడవాళ్ళకు చాటుకు వెళ్ళే చోటుండేది కాదు. అందుకే గంప నెత్తికెక్కితే నీళ్ళు ముట్టకూడదని తమకు తామే కట్టడి పెట్టుకున్నారు.

కోడలు రోజారమణికి ఇదేమీ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా అత్త ఎముకల నొప్పులు, తీరని నీరసం, నెల్లూరు డాక్టరు చెప్పిన మాట. మెడలో మెతుకంత గ్రంథి ఒకటి అతిగా పనిచేసి, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తోందట.

"ఇప్పటికి ఆపరేషన్ అవసరం లేదు. నీళ్ళు బాగా తాగించండి, నడిపించండి, రక్తపరీక్షలు మానొద్దు. కిడ్నీలో రాళ్ళు మొదలైతే మాత్రం మెడ దగ్గర కోయక తప్పదు."

ఆ కోత మాటకే పేరమ్మ ఆసుపత్రి మెట్లమీద కూలబడింది.

రోజారమణి పొద్దున్నే నింపిపెట్టే సీసా సాయంత్రానికి ఖాళీ అయ్యేది. అది చూసి ఆమె సంబరపడేది. కానీ పరీక్ష చేయిస్తే కాల్షియం ఇంకా పెరిగింది. దొడ్లో కరివేపాకు చెట్టు మాత్రం నిగనిగలాడుతోంది. మర్నాడు రోజారమణి చాటుగా కాపలా కాసింది. అత్త చెట్టు మొదట్లో సీసా వంచుతూ దొరికిపోయింది.

"ఏందత్తా ఇది! జబ్బు నీకా, చెట్టుకా?"

"అరవబాకే. పగటిపూట నీళ్ళు గొంతు దిగవు నాకు."

అప్పుడు చెప్పింది గంప సంగతంతా.

"తిరిగొచ్చి ఊరి మొదట బోరింగు కాడ గంపలు దించేవాళ్ళం. రాఘవమ్మ కొడతా ఉంటే నేను దోసిలి పట్టేదాన్ని. ఆ నీళ్ళ రుచి మళ్ళీ యాడా చూడలా."

"ఇప్పుడు దొడ్లోనే మరుగుదొడ్డి ఉంది గదా?"

"అది నాకు తెలుసు. గొంతుకి తెలవదే."

రోజారమణి అటక మీది గంప దించింది. ఎండిన వెదురులో ఇంకా నీచు వాసన. ఖాళీ గంపను అత్త నెత్తిన పెట్టి, వెంటనే కిందికి దించింది.

"అంతా అమ్మేసినావా?"

"ఒక్క రొయ్య మిగల్లా," అంటూ పేరమ్మ పకపకా నవ్వింది.

"అయితే దోసిలి పట్టు."

చెంబుతో పోస్తుంటే పేరమ్మ వంగి తాగింది. మోచేతుల మీదుగా నీళ్ళు కారాయి. చెంబు ఖాళీ అయ్యింది. మళ్ళీ నింపింది, మళ్ళీ తాగింది.

"చాలా అత్తా?"

"చాలు గానీ, రాఘవమ్మ ఇట్ట వదిలిపెట్టేది కాదు. చివర్న దోసెడు నీళ్ళు మొహాన కొట్టేది."

రోజారమణి చెంబులో మిగిలిన నీళ్ళు అత్త మొహాన చల్లింది.